సుత్తి సొసైటీది, చెయ్యి నాది

మా మేనత్తని ఊళ్ళో అందరూ సుత్తక్క అంటారు. ఆ పేరు విని కొత్తవాళ్ళు, ఈవిడ మాట్లాడటం మొదలుపెడితే ఇక లేవనివ్వదేమోనని కాస్త దూరంగా కూర్చుంటారు. నిజానికి మా అత్త రోజు మొత్తానికి పది మాటలు ఖర్చుపెడితే ఎక్కువ. ఆవిడ సుత్తి దెబ్బలన్నీ చెట్లకే.

మా ఊరి అడవి ఊరిదే. దానికొక సొసైటీ ఉంది, ఒక కోత మిల్లు ఉంది, మిల్లులో ఇరవై ముగ్గురికి ఏడాది పొడవునా పని ఉంది. ఏ చెట్టు కొట్టాలో ఏది ఉంచాలో చెప్పేది మాత్రం ఒక్క మనిషి. ఆ మనిషి చేతిలో ఒక సుత్తి ఉంటుంది. దానికి ఒక పక్క గొడ్డలి అంచు, రెండో పక్క సొసైటీ ముద్ర. అంచుతో బెరడు అరచెయ్యంత మేర చెక్కి, అక్కడ ముద్రతో ఒక దెబ్బ వేయాలి. గుండె ఎత్తులో ఒకటి, వేరు మొదట్లో ఒకటి. చెట్టు పడ్డాక పై ముద్ర దుంగతో పాటు మిల్లుకు పోతుంది, కింది ముద్ర మొద్దు మీద మిగులుతుంది. ముద్ర లేని మొద్దు అడవిలో కనిపించిందంటే అది దొంగతనమే. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ సుత్తి మా అత్త నడుముకు వేలాడింది.

ఆవిడ నేర్పే చదువు నాలుగు ముక్కలు. చుట్టూ తిరుగు. పైకి చూడు. కిందికి చూడు. అప్పుడు సుత్తి ముట్టుకో. చుట్టూ తిరిగేది పుచ్చు, పగులు ఉన్నాయేమో చూడటానికి. పైకి చూసేది పక్క చెట్టుని తొక్కేస్తోందేమో తెలుసుకోవటానికి. కిందికి చూడటమే అసలు పని. కింద దాని పిల్లలు మోకాలెత్తు పెరిగి వెలుతురు కోసం ఎదురుచూస్తుంటే పెద్దది పోవచ్చు. పిల్లల్లేకపోతే అది ఎంత ముసలిదైనా, ఎంత ధర పలికేదైనా నిలబడాల్సిందే. ఇక మంచి విత్తనం రాల్చే చెట్లు కొన్నిటికి నడుము చుట్టూ తెల్లరంగు పట్టీ వేస్తారు. వాటిని తల్లిచెట్లంటారు. వాటి జోలికి ఎవరూ వెళ్ళరు.

ఇదంతా అత్త పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. ఆవిడకు ఇరవై రెండేళ్ళప్పుడు దక్షిణం వైపు కొండవాలుని ఒక్క చలికాలంలో గుండు కొట్టించినట్టు కొట్టేశారు. అప్పటికి సొసైటీ లేదు, అడిగేవాడు లేడు. మరుసటి వానలకు కొండ మట్టి జారి మిల్లు పెరట్లోకి వచ్చి కూర్చుంది. వేసవికి వాగు ఎండింది. కొయ్యడానికి దుంగల్లేక మిల్లు ఆరేళ్ళు మూతపడింది. మా అత్త తొమ్మిదేళ్ళ తమ్ముణ్ణి వెంటేసుకుని పొరుగూరి బోరింగు దగ్గర్నుంచి రోజుకు రెండు విడతలు నీళ్ళు మోసింది. ఆ తమ్ముడే మా నాన్న. తర్వాత అత్తా మరో పదకొండు మంది ఆడవాళ్ళూ కలిసి ఆ వాలు మీద మొక్కలు నాటారు. ఆ నాటినవాళ్ళతోనే సొసైటీ మొదలైంది. చదువుకున్నవాడని రూల్సు పుస్తకం మా నాన్న చేత రాయించారు. ఇప్పుడు సొసైటీ ప్రెసిడెంటు కూడా ఆయనే.

నేను మిల్లులో పలకల నాణ్యత చూసే పనిలో ఉండేదాన్ని. మూడేళ్ళ క్రితం అత్త నన్ను అడవికి రమ్మంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరి ఫిర్యాదు. అడవిలో కోపం పనికొస్తుంది, తొందర పనికిరాదు అంది అత్త. రెండో వారంలోనే ఆ మాట నాకు బాగా తెలిసొచ్చింది.

ఆ రోజు సన్నటి వాన. ఒక పెద్ద చెట్టు కింద నడుం ఎత్తు పిల్లలు ఎన్నో ఉన్నాయి. ఇది పోవచ్చు అనుకుని చుట్టూ సగం తిరిగి, తడుస్తున్నానన్న విసుగుతో రెండు దెబ్బలూ వేసేశాను. అత్త వచ్చి మిగతా సగం తిరిగింది. అక్కడ పచ్చగా పాకిన నాచుని చేత్తో తోసింది. కింద తెల్లపట్టీ ముక్క మిగిలి ఉంది, నేను తిరిగిన వైపు రంగు ఎప్పుడో వెలిసిపోయింది. నేను కొట్టింది తల్లిచెట్టుని.

"చెక్కేద్దాం అత్తా. ముద్ర చెక్కేస్తే సరిపోతుంది కదా, మనిద్దరికే తెలుసు" అన్నాను.

"ఈ రోజు మనం ఒక ముద్ర చెరిపేస్తే, రేపు ఇంకొకడు ఒక ముద్ర కలుపుతాడు" అంది అత్త. "కొట్టావు. ఇక అది పోవాల్సిందే."

చెట్టుని కొట్టేశారు. అత్త నన్ను ఆ మొద్దు దగ్గర కూర్చోబెట్టి వలయాలు లెక్కపెట్టించింది. నూట అరవై నాలుగు. మధ్యలో ఎన్నోసార్లు కళ్ళు మసకబారి లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాను. అత్త ఒక్కసారి కూడా తిట్టలేదు, అదే భరించలేకపోయాను. దాని పలకలతో సొసైటీ ఆఫీసుకు పొడుగాటి బల్ల చేయించారు. ఇప్పటికీ ఆ బల్ల మీద ఎవరైనా టీ గ్లాసు టక్కున పెడితే నాకు గుండె కలుక్కుమంటుంది.

అసలు గొడవ కిందటేడు ఆ బల్ల దగ్గరే మొదలైంది. బయట నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఉత్తరం వాలు మీద నాలుగు వందల పన్నెండు చెట్లున్నాయి, అన్నీ ఒకేసారి కొని సంక్రాంతిలోపు కొట్టుకుపోతానన్నాడు. ఆ ఖాళీ నేలలో కాగితం మిల్లుకు పనికొచ్చే మొక్కలు వరసగా నాటిస్తాడట, ఏడేళ్ళకోసారి కోతట. మా నాన్నకు ఆ మాటలు బాగా ఎక్కాయి. ఆయన చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి. మిల్లులో రంపం పాతది. అంతకు ముందు నెలే రంపం మేస్త్రి కుడిచేతి వేలు అందులో పోయింది. ఆ రోజు మేస్త్రిని జీపులో ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది మా నాన్నే. కొత్త యంత్రం కొనాలన్నది ఆయనకు అప్పట్నుంచి పట్టుకుంది, ఆ చెట్ల డబ్బుతో అది వస్తుంది.

యాభై మంది సభ్యులూ మీటింగుకు వచ్చి ఆఫీసు రేకుల షెడ్డులో ఇరుక్కుని కూర్చున్నారు. నాన్న అరగంట మాట్లాడి, చివరకు అత్త వైపు తిరిగాడు.

"మేస్త్రి చెయ్యి చూడక్కా. చూసి చెప్పు, యంత్రం వద్దని."

"యంత్రం కొనాలి" అంది అత్త. "కొన్నాక అందులో ఏం పెడతావు?"

"ముందు వేళ్ళు మిగలనీ!"

"వేళ్ళు మిగలాలంటే రంపానికి మూత కావాలి. మూతకు రేకు కావాలి. కొండ అక్కర్లేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న మొహం ఎర్రబడింది. "అందరి తరఫునా నువ్వొక్కదానివే ఆలోచించాలా? ముప్పై ఎనిమిదేళ్ళు నీ మాటే చెల్లింది. ఈసారి ఓటు పెడదాం."

ఓటు పెట్టారు. చెట్లకు గుర్తు వేసే మనిషిని మార్చాలని, కొత్తవారిని ప్రెసిడెంటే పెట్టాలని ముప్పై ఒక్క చేతులు లేచాయి. అందులో ఒకటి నాలుగు వేళ్ళ చెయ్యి. మేస్త్రి అత్త మొహం చూడకుండా ఎత్తాడు. నేను అతన్ని తప్పుపట్టలేను, కానీ ఆ రోజు తప్పుపట్టాను, మనసులో నానా మాటలూ అన్నాను.

అత్త లేచి నడుముకున్న సుత్తి విప్పి బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

"సుత్తి సొసైటీది, తీసుకోండి. చెయ్యి నాది. ఆ వాలు మీద అది లేవదు" అని చెప్పి బయటికి నడిచింది.

నాన్న ఆ సుత్తి తీసి నా చేతిలో పెట్టాడు. కూతురు కదా, చెప్పినట్టు వింటుందని ఆయన లెక్క. "రేపు పొద్దున్నే వాలు మీదకి రా. వరసగా కొట్టుకుంటూ పోవడమే" అన్నాడు. సుత్తి పిడి అత్త చేతి చెమటకు నల్లబడి, వేళ్ళు పట్టే చోట నొక్కుకుపోయి ఉంది. నా వేళ్ళు ఆ గుంటల్లో సరిగ్గా పడలేదు.

మర్నాడు తెల్లారాక అత్త ఇంటికెళ్ళాను. ఒక గది, ఒక వసారా. ఆవిడ వసారాలో కూర్చుని బూట్లకు నూనె రాస్తోంది. అడవికి పోయే రోజున చేసే పని అది. ఉద్యోగం పోయిన మనిషి బూట్లకు నూనె రాయడం చూసి నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నన్నేం చెయ్యమంటావు అత్తా?"

"చెట్టుని అడుగు. నన్నెందుకు అడుగుతావు?" అంది. బూటు పక్కన పెట్టి, "అంచు పదును పెట్టావా?" అని అడిగింది. పెట్టలేదు. నా చేతిలోంచి సుత్తి తీసుకుని సానరాయి మీద నాలుగు సార్లు అటూ ఇటూ రుద్ది ఇచ్చేసింది.

ఉత్తరం వాలు దగ్గర నాన్న, కాంట్రాక్టరు, అతని మనుషులు నలుగురు రంపాలతో సిద్ధంగా ఉన్నారు. ఊళ్ళోంచి ముప్పై మంది దాకా వచ్చారు. అందరికంటే వెనక, బూట్లు మెరుస్తూ, మా అత్త.

మొదటి చెట్టు దగ్గర నిలబడ్డాను. ఇక్కడ ఒక్క దెబ్బ పడితే అది చెరగదని ఆ గుంపులో నా అంత బాగా ఎవరికీ తెలియదు. నూట అరవై నాలుగు సార్లు తెలుసు నాకు. చుట్టూ తిరిగాను, ఈసారి పూర్తిగా. పైకి చూశాను. కిందికి చూశాను. ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. పక్క చెట్టు దగ్గరికి వెళ్ళాను.

"అమ్మాయ్, ఇలా ప్రదక్షిణలు చేస్తే సంక్రాంతి మాట అటుంచు, వచ్చే వానలొచ్చినా తెమలదు" అన్నాడు కాంట్రాక్టరు. నేను వినిపించుకోలేదు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. అతని మనుషులు రంపాలు పక్కన పెట్టి చెట్టు నీడన కునుకు తీశారు. పొద్దువాలే వేళకు వాలు మొత్తం తిరగడం అయింది. పద్నాలుగు చెట్లకు ముద్ర వేశాను. వంకరవో పుచ్చినవో, అన్నీ కింద పిల్లలున్నవే.

"మిగతావి?" అన్నాడు కాంట్రాక్టరు.

"చూశాను. కోతకు లేవు. పదేళ్ళ తర్వాత రండి, మళ్ళీ చూస్తాను."

అతను మా నాన్న వైపు తిరిగాడు. నాన్న నా మీద నిప్పులు చెరిగాడు. "నీకు చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి? నీకూ కొమ్ములొచ్చాయా?"

"గుర్తు వేసేవారి నిర్ణయమే ఆఖరు అని నాలుగో రూలు. నీ చేతిరాతే నాన్నా. కావాలంటే పుస్తకం తెప్పించనా?"

"అయితే నిన్నూ మారుస్తా!" నా చేతిలోంచి సుత్తి లాక్కుని గుంపు వైపు చూశాడు. ఎవరికివ్వాలి? పట్టడం తెలియనివాడికి ఇవ్వడం కుదరదు, అదీ రూలే. అత్తా నేనూ కాక తెలిసినవాళ్ళు అక్కడ నలుగురున్నారు. ఇద్దరు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఒకామె చెప్పులోంచి ముల్లు తీసుకుంటున్నట్టు వంగింది. నాలుగోవాడు రంపం మేస్త్రి. నాన్న నేరుగా అతని దగ్గరికి వెళ్ళాడు. అందరికంటే ఆ యంత్రం అవసరం ఉన్నవాడు అతనే.

"నువ్వు కొట్టు మేస్త్రీ. నీ కోసమేగా ఇదంతా."

మేస్త్రి నాలుగు వేళ్ళతో సుత్తి అందుకున్నాడు. ఒక లావుపాటి చెట్టు దగ్గరికి నడిచాడు. అతను సుత్తి ఎత్తలేదు. చుట్టూ తిరిగాడు. తల వెనక్కి వంచి చాలాసేపు పైకి చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, ఎండుటాకుల్ని చేత్తో తోసి తోసి వెతికాడు. లేచి వచ్చి సుత్తి మా నాన్న చేతిలో పెట్టాడు.

"దీని కింద పిల్లల్లేవు ప్రెసిడెంటుగారూ" అన్నాడు. "నాకు రేకు మూత చాలు."

అప్పుడు నాకు అర్థమైంది, మా నాన్నకూ అర్థమై ఉండాలి. ఊళ్ళో ఆ సుత్తి పట్టడం తెలిసిన ప్రతి మనిషికీ నేర్పింది మా అత్తే. ఆవిణ్ణి తీసేసి ఎవరిని పెట్టినా, వాళ్ళు ముందు చెట్టు చుట్టూ తిరుగుతారు. నాన్న ఆ సుత్తి పట్టుకుని వాలు కిందికి, వాగు వైపు చూస్తున్నాడు. చిన్నప్పుడు మోసిన నీళ్ళ బిందెలు గుర్తొచ్చాయో లేదో నేను అడగలేదు. కాంట్రాక్టరు మనుషులు రంపాలు బండిలో పడేసుకుంటున్న చప్పుడు మాత్రం అందరికీ వినిపించింది.

అత్త గుంపులోంచి మెల్లగా ముందుకొచ్చి, నేను ముద్ర వేసిన చెట్ల దగ్గరికి ఒక్కొక్కదాని దగ్గరికే వెళ్ళి వంగి చూసింది. పద్నాలుగూ చూసింది. మా నాన్న దగ్గర ఆగి చెయ్యి చాపింది. ఆయన సుత్తి ఆ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని నడుముకు కట్టుకోలేదు. తెచ్చి నాకిచ్చింది.

"ఆరో చెట్టుకి కింది దెబ్బ జానెడు పైకి పడింది" అంది. "రేపు వచ్చి సరిగ్గా వెయ్యి."