అవ్వ నిద్రపుచ్చిన గరిక

మా చిన్నప్పుడు... కోడంబాక్కంలో, దసరా బొమ్మలు అటకెక్కిన మర్నాడే మా అవ్వ గునపం బయటికి తీసేది. ఇంటి ముందు నాలుగు మంచాలు పట్టేంత గరిక ఉండేది. పిల్లలందరికీ అదే క్రికెట్ మైదానం.

అక్కడ అసలు వానలు దసరా దాటాకే... ముసురు పట్టేలోపే దానికి అన్నీ జరిగిపోవాలి. నాన్న కొడవలితో నేలకు దగ్గరగా కోసేవాడు. అవ్వ గునపంతో గుచ్చుకుంటూ పోతుంటే, నీళ్లు నిలవకుండా ఆ బొక్కల్లో మేము ఇసుక పోసేవాళ్లం. చివికిన పేడ పలచగా చల్లి, చుట్టూ కొబ్బరితాడు కట్టేది. అంతే... పొంగల్ దాకా కాలు పెట్టకూడదు!

ఎంత మండేదో మాకు... "మాకంటే గడ్డి ఎక్కువా?" అని అన్నయ్య అలిగి అన్నం మానేశాడొకసారి. అవ్వ కరగలేదు.

"ఆడ తొక్కబాకండిరా... గడ్డి నిద్రపోతా ఉండాది. తడి నేల తొక్కితే వేరు కుళ్లిపోతాది."

కోసిన గరిక గోధుమరంగుకు తిరిగి అచ్చం చచ్చినట్టే కనబడేది. పొంగల్ వెళ్లి నాలుగు ఎండలు కాస్తే పచ్చగా లేచేది. అప్పుడు తాడు విప్పి, చెప్పులు విప్పించి మరీ మమ్మల్ని వదిలేది.

ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్. అందులో ఒక ఫ్లాటు మాది. బిల్డరుతో పోట్లాడి గేటు పక్కన అవ్వ గరిక కాస్త మిగుల్చుకున్నాం. ఈ దసరా కాగానే నేనే కోశాను, గుచ్చాను, ఇసుక పోశాను, తాడు కట్టాను. నెల్లూరులో పెళ్లికి వెళ్లొచ్చేసరికి... దానిమీద ప్లాస్టిక్ గడ్డి! చుట్టూ మేకులు కూడా కొట్టేశారు!

ఒళ్లు మండిపోయింది. సెక్రటరీని నిలదీశాను.

"అది సచ్చిపోయింది గదా సార్! చూసేదానికి బాగలేదని అందురూ ఒకటే కంప్లెయింట్. ఇదైతే ఎప్పుడూ పచ్చగానే ఉంటాది."

పడుకున్న మనిషిని చూసి పాడె కట్టేస్తారా ఎవరైనా? తాడు ఎందుకు కట్టానో ఒక్క మాట అడగొచ్చుగా! పైగా మధ్యాహ్నం ఆ ప్లాస్టిక్ వేడికి కాళ్లు కాలుతున్నాయని పిల్లలు చెప్పులేసుకుని ఆడుతున్నారు... గడ్డి మీద చెప్పులు!

పొద్దున కోపం ఆగక ఓ మూల మేకులు పీకేశాను. చెయ్యి లోపలికి పెట్టి తడిమాను. కణుపు దగ్గర తెల్లగా, వెలుతురు లేక పాలిపోయిన మొలక... బతికే ఉంది.

మీ ఇళ్లలో వానలకు ముందు ఇలా దేన్నైనా నిద్రపుచ్చేవారా? రాయండి... ఆ సెక్రటరీకి చదివి వినిపిస్తాను.

మిగతా మేకుల కోసం అవ్వ గునపం తీసి గుమ్మం పక్కనే పెట్టుకున్నాను.