అయిందంటే అయిండాల

పోయిన మంగళవారం బనగానపల్లెలో నంద్యాల బస్సు ఎక్కుతుంటే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "అక్క లేదప్పా. తెల్లారుజామున పోయింది" అన్నాడు అవతలి మనిషి. ఫోను పెట్టేశాడు. చాన్నాళ్లుగా జబ్బుతో ఉందని అందరికీ తెలుసు. అయినా నేను టికెట్టు తీసుకోవడం మరిచిపోయి కండక్టరు చేత మాటపడ్డాను.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. నంద్యాలలో మాదొక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. అందులో డిజైన్ పనంతా చూసే పెద్ద ఇంజనీరు ఆమె. తనకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవాళ్లు. టీ పూర్తిగా చల్లారితే గానీ తాగేది కాదు. బోర్డు మీద గీసింది తప్పని తేలితే తుడిచేది కాదు, పక్కనే సరైనది గీసేది. "తప్పు గూడా కనపడాల. లేకుంటే మళ్లా ఆడికే పోతాం" అనేది.

సంతాప సభలో అందరూ ఆమె తెలివిని పొగిడారు. నేనూ నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చున్నాను. కూర్చున్నాక సిగ్గేసింది. ఆమె ఉంటే ఏది చెప్పమనేదో నాకు తెలుసు. అది చెప్పకుండా వచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

శనగలు పండించే రైతులు ప్రభుత్వానికి మద్దతు ధరకు అమ్ముకునేందుకు పేరు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి మేము చేశాం. రైతు నమోదు కేంద్రానికొచ్చి పొలం వివరం, బ్యాంకు ఖాతా, చివర వేలిముద్ర, ఇలా ఒక్కో పేజీ నింపించుకోవాలి. అంతా ముగిసేదాకా ఆ వివరాలు సర్వర్ జ్ఞాపకంలోనే ఉంటాయి. దాన్నే సెషన్ అంటాం. మా సర్వర్లు కొన్ని కలిసి పనిచేసేవి. ఒకటి పడిపోతే ఇంకోటి అందుకోవాలంటే, ఆ సెషన్ నకలు ముందే దాని దగ్గరికి చేరి ఉండాలి.

నకలు చేరిందని తెలిశాకే రైతును తర్వాతి పేజీకి పోనివ్వడం ఒక పద్ధతి. అది నిదానం. ముందు పేజీ చూపించేసి, నకళ్లు కాసేపాగి పంపడం ఇంకో పద్ధతి. అది వేగం. మా దగ్గర పని చేయించుకునేవాళ్లకు వేగం కావాలి. అక్క బోర్డు ముందు చాలాసేపు నిలబడి, చివరికి వేగానికే ఒప్పుకుంది. "మధ్యలో పోయేది రెండు మూడు సెకండ్లే గదా" అంది. మేమంతా తలూపాం.

నమోదుకు ఆఖరి రోజు సాయంత్రం, సరిగ్గా ఆ సందులోనే ఒక సర్వర్ ఆగిపోయింది. కొందరికి మొదటి పేజీ మళ్లీ వచ్చింది. విసుక్కుంటూ మళ్లీ నింపించుకున్నారు. ఆ వారమంతా అక్క, కేంద్రాల కంప్యూటర్లలో మిగిలిన ఆ రోజు రికార్డులు ఒక్కొక్కటే చూసింది. ఆళ్లగడ్డ కేంద్రంలో ఒకామె వేలిముద్ర పడింది, తెర మీద 'అయింది' అని వచ్చింది, ఆ తర్వాత ఆమె జాడ లేదు.

"కరెంటు పోయిందని చెప్పండి. ఎవరడుగుతారు?" అన్నాడు మా యజమాని. అక్క జవాబివ్వకుండా బ్యాగు తీసుకుంది. "నువ్వొస్తాండావా?" అంది నాతో. నాకు పోబుద్ధి కాలేదు. పోయాను.

ఆళ్లగడ్డలో దిగి, కేంద్రంలో ఆచూకీ అడిగి, ఆటోలో పక్క ఊరికి పోయాం. వాకిట్లో ఒక అవ్వ జొన్నలు చెరుగుతోంది. అక్క తానెవరో చెప్పగానే చేట పక్కన పెట్టి భయంగా చూసింది.

"మళ్లా రమ్మంటారా? నా వేలు అరిగిపోయింది తల్లీ. ఎన్నితూర్లు పెట్టినా మిషను తీసుకోల్యా. ఒకతూరి తీసుకునె, మళ్లా పాయ. నీ వేలే బాగల్యావ్వా అనిరి ఆడ. నాకోసం లైనంతా నిలబడిరి. సిగ్గేసి వచ్చేస్తి."

"నీ వేలు బాగుందవ్వా. ముద్ర పడింది" అంది అక్క. "మా మిషనే పారేసుకుంది. అట్ల పోయేటట్టు చేసింది నేనే."

అవ్వ తన బొటనవేలు తిప్పి చూసుకుంది. "అయితే తప్పు నాది కాదా?"

"కాదవ్వా."

"శనగలు షావుకారు అడిగిన రేటుకే ఇచ్చేసినాం గదమ్మా. వేలు పెట్టేకి గూడా రాదా అని, అప్పట్నుంచి నా కొడుకు నాతో మాట్లాడ్డంల్యా."

అక్క లోపలికి పోయి కొడుకుతోనూ అదే చెప్పింది. అతను గట్టిగానే తిట్టాడు. "చదువుకున్నోళ్లు గదా, చూసుకోవద్దా? మీకది సెకండ్లు. మాకు పంట." అక్క తలొంచుకుని విన్నది. నేను గుమ్మం బయట, మెడలోని ఆఫీసు కార్డును చొక్కాలోకి దోపుకొని నిలబడ్డాను. ఆమె కార్డు బయటికే ఉంది.

"అవ్వను ఏమీ అనద్దప్పా" అన్నది చివరికి. "నన్నను."

తిరుగు బస్సులో నంద్యాల వచ్చేదాకా కిటికీ వైపు తిప్పిన మొహం ఇటు తిప్పలేదు. దిగేముందు ఒక్క మాటంది. "మనం పడాల్సిన సిగ్గు ఆయమ్మ పడింది."

ఆ తర్వాత డిజైన్ మార్చేసింది. నకలు రెండో సర్వర్‌కు చేరి, అందిందని జవాబొచ్చేదాకా తెర మీద 'అయింది' రాదు. నిదానమైందని ఫిర్యాదులొచ్చాయి. "జనం తిడతాండారు" అన్నాడు యజమాని. "తిట్టనీ సార్. అయిందంటే అయిండాల" అంది. అవ్వ నష్టాన్ని మాత్రం ఎవరూ పూడ్చలేదు. రేటు తేడా కట్టిద్దామని అక్క అడిగితే కంపెనీ ఒప్పుకోలేదు. తాను ఇవ్వబోతే ఆ కొడుకు తీసుకోలేదు.

మరుసటి పంటకు అక్క జబ్బుపడి ఇంట్లోనే ఉంది. నమోదు నడుస్తుండగా నేను ఆళ్లగడ్డ కేంద్రంలో ఉన్నాను. మధ్యాహ్నం ఒక సర్వర్ పడిపోయింది. లైను ఆగలేదు. ఆమెకు ఫోను చేశాను.

"ఒకటి పడిపాయక్కా. ఈడ ఎవురికీ తెలీల్యా."

"అవ్వ వచ్చిందా?"

"రాలేదు. కొడుకొచ్చినాడు. నా పక్క చూడల్యా."

"పెట్టేయద్దు. నువ్వేం మాట్లాడద్దు. ఫోను ఆ లైను పక్కకు పట్టుకో" అంది.

పట్టుకున్నాను. ఎవరో దగ్గారు. ఎవరో కోయిలకుంట్ల బస్సు పోయిందా అని అడిగారు. "తర్వాతెవరప్పా, రా" అన్నాడు కంప్యూటరు ముందు కూర్చున్నాయన. చెయ్యి నొప్పి పుట్టింది. చూస్తే ఫోను మీద సెకండ్లు ఇంకా నడుస్తున్నాయి. ఆమె వింటూనే ఉంది.