బొగ్గు బూడిద పడ్డ చేపల గుంట

ఆ సాయంత్రం తవుడు చల్లుదామని పెరట్లోకి పోయేసరికి చేపలన్నీ నీటి పైనే ఉన్నాయి. రోజూ నా నీడ పడగానే అడుగుకు పారిపోయేవి. ఆ రోజు కదల్లేదు. నోళ్ళు పైకెత్తి గాలి మింగుతున్నాయి. పిడికిట్లో తవుడు అట్లాగే ఉండిపోయింది.

మా చిన్నదానికి రెండేళ్ళు నిండినా నడక రాలేదు. కాళ్ళు పుల్లల్లా ఉండేవి. వారానికి నాలుగు రోజులైనా చేప పెట్టమని దవాఖానలో డాక్టరు చెప్పాడు. కొని పెట్టే వీలు మాకు లేదు. అందుకే మా బొగ్గుగని క్వార్టరు వెనక నడుము లోతు గుంట తవ్వాం. నల్లరేగడి పరిచి, పెద్ద పిల్లలిద్దరూ నేనూ మూడు రోజులు కాళ్ళతో తొక్కి గట్టి చేశాం. నల్లా వచ్చినప్పుడల్లా బిందెలతో నింపాం. మా అన్న ఊరి చెరువులోంచి వేలెడంత బొచ్చె చేప పిల్లల్ని కుండలో తెచ్చి వదిలాడు. పక్క క్వార్టరు అక్క గోడ మీంచి చూసి నవ్వేది.

"చదువుకున్నదానివి, పెరట్ల చెరువే తవ్వితివి. ఇగ పడవొక్కటే తక్వ!"

ఆరు నెలలకు అవి జానెడయ్యాయి. దసరా దాటాక ఒక్కొక్కటే పట్టి చిన్నదానికి వండుదామనుకున్నాను.

ఆ సాయంత్రం చేపల్ని అలా చూడగానే ముందు అత్తమ్మ మీద అరిచాను. ఆ మధ్యాహ్నం ఆమె మా ఆయన డ్యూటీ బట్టలు గుంట పక్కనే ఉతికింది.

"సబ్బునీళ్ళు దాంట్లకే వదిలినవ్. నా బిడ్డ నోటికాడి ముద్ద తీసినవ్!"

ఆమె బకెట్ అందుకుని పాత నీళ్ళు తోడసాగింది. ఆయన సెకండ్ షిఫ్టులో ఉన్నాడు. నల్లా మళ్ళీ తెల్లారితేగాని రాదు. తాగడానికి ఉంచిన రెండు బిందెలూ పోశాం. పక్కింటి అక్క నవ్వడం మాని మరో రెండు మోసుకొచ్చింది. అయినా ఒక్కొక్క చేపా పక్కకు ఒరిగి తెల్లటి పొట్ట చూపుతోంది.

నీళ్ళు మోకాలి లోతుకు దిగాక అత్తమ్మ అడుగు బురద తీసి వేళ్ళ మధ్య నలిపింది.

"ఇదేంది బిడ్డా, గరగర అంటున్నది?"

"బూడిద. నిన్న నేనే పోసిన, రెండు తట్టలు. నాచు మంచిగ పెరుగుతదని."

మా అమ్మ వంకాయ మడుల్లో పొయ్యి బూడిద చల్లేది. అదే నా మనసులో ఉంది.

"మీ అమ్మది కట్టెల పొయ్యి గదనే," అంది అత్తమ్మ మెల్లగా. "మనది బొగ్గు పొయ్యి."

పెళ్ళయిన నాటి నుంచీ బొగ్గు మీదే వండుతున్నాను. కాలేజీలో రెండేళ్ళు కెమిస్ట్రీ చదివాను, బొగ్గు బూడిదలో విషపు లోహాలుంటాయని తెలుసు. తట్ట ఎత్తినప్పుడు అదేదీ గుర్తు రాలేదు.

పిల్లలు ఏడుస్తూ బయటికొచ్చారు. "సబ్బునీళ్ళు నేనే వదిలిన. ఏడ్వకుండ్రి," అంది అత్తమ్మ. నేను నోరు తెరవలేదు. పెద్దపిల్ల ఆ రాత్రి నానమ్మ పక్కన పడుకోనంది. అందరూ నిద్రపోయాక కూర్చుంటే, చేపల కంటే నా ఆ మౌనమే ఎక్కువ బాధించింది.

తెల్లారి పిల్లల్ని గుంట దగ్గరికి పిలిచాను.

"చేపల్ని సంపింది నానమ్మ గాదు, నేను. బొగ్గు బూడిద పోసిన. నానమ్మ మీద ఉత్తగనే అరిచిన. ఇవి మనం తినొద్దు, కుక్కలకు సుత ఎయ్యొద్దు. చెల్లెకు ఏం పెట్టాల్నో నాకిప్పుడైతే తెల్వది."