అవిసె అత్తయ్య

మా ఎదురింటి అత్తయ్య మొన్న ఆదివారం పొద్దున పోయింది. చర్చికి బయల్దేరి, చెప్పులు వేసుకోవడానికి అరుగు మీద కూర్చుని అలాగే ఒరిగిపోయిందట. నేను బస్సు డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. ఏడుపు వచ్చింది, కాసేపటికి నవ్వూ వచ్చింది. ఆమె కథ అలాంటిది.

నేను పుట్టకముందు మైలవరం దగ్గర మా ఊళ్లో బెజవాడ బట్టల వ్యాపారి ఒకాయన నార ఫ్యాక్టరీ పెట్టాడు. అవిసె గింజలు కాసే మొక్కల కాడలను నానబెట్టి, ఎండబెట్టి, మిషన్‌లో నలిపి నార తీసేవాళ్లు. అవిసె తెస్తే కొంటామని ఊళ్లో చాటింపు వేయించారు. మా వాళ్లకు అవిసె అంటే మేకలకు కొమ్మలు విరిచి వేసే వేరే చెట్టు. అప్పటికి కొత్త కోడలైన అత్తయ్య పెరట్లో చెట్టంతా కొట్టేసి, మోపు నెత్తిన పెట్టుకుని వెళ్లి మేనేజరు ముందు దించింది. ఫ్యాక్టరీ అంతా పగలబడి నవ్వింది.

వాళ్ల నవ్వు అయిపోయేదాకా ఆగి అందట: “చెట్టులో తేడా వచ్చింది గానీ నా చేతుల్లో తేడా లేదు గదండీ. పని చెప్పండి.”

ఆడవాళ్లకైతే బయట కాడలు ఎండబెట్టే పనే ఉందన్నాడు మేనేజరు. ఎండలో కూలి పొలంలోనూ దొరుకుతుంది, ఆమెకు మిషన్ మీద పని కావాలి. బయట పని చేస్తూనే, సందు దొరికినప్పుడల్లా షెడ్డు గుమ్మంలో నిలబడి చూసేది. ఒకరోజు మిషన్ మనిషి రాలేదు. అత్తయ్య వెళ్లి అతని చోట కూర్చుంది. లెమ్మని ఎవరూ అనలేదు. తర్వాత మరికొందరు ఆడవాళ్లను కూడా లోపలికి లాక్కెళ్లింది.

రైతులు మామిడి తోటలకు మళ్లడంతో ఫ్యాక్టరీ మూతపడింది. ‘అవిసె అత్తయ్యా’ అని మేం ఆటపట్టిస్తే దర్జాగా పలికేది. అది మోపు మోసి తెచ్చుకున్న పేరనేది. కండక్టరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి ఆడపిల్లనని నేను జంకుతుంటే, “పిలుస్తారని కూర్చుంటే మన బతుకు తెల్లారినట్టేనే,” అంది. ఈరోజు నేను తింటున్న అన్నం ఆ మాట చలవే.

సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా, ఆమెతో మిషన్ల మీద పనిచేసిన ముసలమ్మలు వచ్చారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లే ఆచారం లేదు. వెంట వచ్చిన మగవాళ్లు రోడ్డు మీదే ఉండమన్నారు. ఒకామె కొంగు నడుముకు బిగించి ముందు నడిచింది. మిగతావాళ్లు ఆమె వెనకే వచ్చి, గోతి అంచున వంగి, తలా గుప్పెడు మట్టి తీసుకున్నారు.