పంక్చర్ షాపాయన కూతురు

ఆ అమ్మాయంటే నాకు కుళ్ళు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత మీరు కనిపెట్టి నన్ను తిట్టుకోనక్కర్లేదు.

ఇరవై రెండేళ్ళుగా మా ఆస్పత్రి క్యాథ్ ల్యాబ్‌లో, అంటే రక్తనాళాల్లో పూడికలు తీసే గదిలో, టెక్నీషియన్‌గా చేస్తున్నాను. అందరూ మాస్టారూ అంటారు. నాళంలోకి సన్నటి గొట్టం పోనిచ్చి అందులోంచి డై అనే మందు ఎక్కిస్తే, ఎక్స్‌రే తెర మీద నాళం నల్లగా గీత గీసినట్టు కనపడుతుంది. పూడుకున్న చోట గీత తెగిపోతుంది. ఆ డై ఎంత వెయ్యాలి, ఎంత వేగంగా వెయ్యాలి అన్నది నా చేతిలో పని. పెద్ద డాక్టరుగారు తల కూడా తిప్పకుండా "మాస్టారూ, ఎంత?" అనేవారు. నేను చెప్పిందే వేదం.

అలాంటి గదిలోకి ఈ అమ్మాయి కొత్త టెక్నీషియన్‌గా వచ్చింది. ముప్పై కూడా ఉండవు. వాళ్ళ నాన్న సైకిళ్ళకీ స్కూటర్లకీ పంక్చర్లు వేస్తాడు. బస్టాండు వెనక రోడ్డులో రేకుల షెడ్డు, ముందు వేలాడే పాత టైరు, పక్కన నీళ్ళ తొట్టి. బడి వదిలాక ఈవిడగారు అక్కడే కూర్చుని, ట్యూబులు నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నాన్నకి చూపించేదట. "ట్యూబు చెంప దగ్గర పెట్టుకుంటే చాలు బాబాయ్, గాలి ఎక్కడ పోతోందో తెలిసిపోయేది" అని మొదటిరోజే నాతో గొప్పలు పోయింది. నిజానికి మామూలుగానే చెప్పింది. నాకే గొప్పలుగా వినిపించింది.

మా దగ్గరికి కాలి నాళాలు పూడుకుపోయి వచ్చేవాళ్ళలో చాలామందికి షుగరు. షుగరు ముదిరిన ఒంట్లో కిడ్నీలు కూడా నీరసించి ఉంటాయి. వాళ్ళకి నా డై పడదు. దాన్ని వడకట్టి బయటికి పంపాల్సింది ఆ కిడ్నీలే కదా! అరకొరగా పనిచేసేవి దెబ్బకి చతికిలపడొచ్చు. అందుకని డై తగ్గించి, సెలైన్ ఎక్కించి, దేవుడి మీద భారం వేసి చేసేవాళ్ళం. మరీ భయమనిపిస్తే చెయ్యకుండానే పంపేసేవాళ్ళం. అలా పంపినవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చేవాళ్ళు, కాలు తీయించుకోడానికి.

ఈ అమ్మాయి ఇంతకుముందు పనిచేసిన చోట డైకి బదులు గ్యాసు వాడేవాళ్ళట. సోడాలో ఉంటుందే, మనం వదిలే ఊపిరిలో ఉంటుందే, ఆ గ్యాసు. కాలి నాళంలోకి పంపితే రక్తాన్ని కాసేపు పక్కకి నెట్టి, నాళం ఆకారం తెర మీద చూపిస్తుంది. తర్వాత రక్తంలో కరిగిపోయి ఊపిరితో బయటికి పోతుంది. కిడ్నీలకి దాంతో పనే లేదు. గుండె వైపు, మెదడు వైపు మాత్రం పోనివ్వకూడదు. డాక్టరుగారు ఆ పద్ధతి నేర్చుకుని వచ్చారు, సిలిండరు తెప్పించారు, అంతే. "మాస్టారూ, ఎంత?" పోయి "ఏమ్మా, సిద్ధమేనా?" వచ్చింది.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ కొమ్ములు దిగింది నా పొట్టలోనే. ఆమెకి 'సోడా' అని పేరు పెట్టి, వార్డులో నలుగురి చేతా అనిపించాను. వినేసి నవ్వి ఊరుకుంది. కోపం తెచ్చుకున్నా బావుండేది. ఇంటికెళ్తే అక్కడా మనశ్శాంతి లేదు. "పాపం ఆ పిల్ల ఎంత కష్టపడి పైకొచ్చిందండీ" అంది మా ఆవిడ. "నేను లిఫ్టులో పైకొచ్చానా?" అన్నాను. ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయాను కూడా.

మూడు నెలలు ఇలా ఉడికిపోతుండగా సెలూన్ పెద్దాయన వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా నా జుట్టు కత్తిరిస్తున్న మనిషి, ఇప్పుడు కత్తిరించడానికి పెద్దగా ఏమీ లేకపోయినా. కుడికాలి బొటనవేలు నల్లబడింది. పడుకున్నా నొప్పే, కాలు మంచం కిందికి వేలాడేసుకుంటే తప్ప నిద్ర లేదట. కిడ్నీల రిపోర్టు చూసి డాక్టరుగారు పెదవి విరిచారు. "మామూలుగా డై వేస్తే కిడ్నీలు పోతాయి. ఏమీ చెయ్యకపోతే కాలు పోతుంది. గ్యాసుతో చేద్దాం" అన్నారు.

పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మాస్టారూ, కూర్చుని జుట్టు కత్తిరించేవాణ్ణి మీరెక్కడైనా చూశారా? కాలు పోతే నేనూ పోయినట్టే. లోపల మీరుంటారుగా?"

"ఉంటాను" అన్నాను. ఉండి చేసేదేముంది, అంతా ఆవిడగారే కదా అని లోపల్లోపల పళ్ళు నూరుకున్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బల్ల మీద పడుకోబెట్టాం. గ్యాసు పైకి తేలుతుంది కాబట్టి పాదాల వైపు కాస్త ఎత్తు పెట్టాం. డాక్టరుగారు గొట్టం పోనిచ్చారు. ఆ అమ్మాయి ట్రేకి ఇవతల, నేను అవతల.

ఆ పనిలో ఉన్న చిక్కు మీకు చెప్పాలి. గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు. సిరంజిలో ఉన్నది గ్యాసో, గదిలో గాలో కంటికి తెలియదు. గ్యాసు రక్తంలో ఇట్టే కరుగుతుంది, గాలి అలా కరగదు. అది పోయి పాదంలో సన్ననాళాల్లో అడ్డంగా కూర్చుంటే, కాలు బాగుచేయించుకోడానికి వచ్చినవాడికి ఆ కాలే పోతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే ఆమె సిరంజిని గ్యాసుతో నింపడం, వదిలెయ్యడం, మూడుసార్లు చేస్తుంది. ట్యూబు కొసని శుద్ధిచేసిన నీళ్ళ గిన్నెలో ముంచి బుడగలు చూస్తుంది. సిరంజి మూతి దగ్గర తిప్పే చిన్న ట్యాపు ఉంటుంది, అది మూసి గానీ ట్రేలో పెట్టదు. ట్యాపు తెరిచి ఉంటే గ్యాసు బయటికీ గాలి లోపలికీ చడీచప్పుడు లేకుండా మారిపోతాయి.

మొదటిసారి పంపారు. తొడ నాళం తెర మీద మోకాలి దాకా వచ్చి తెగిపోయింది. పూడిక అక్కడే ఉంది. రెండోసారికి సిరంజి నింపి, ట్యాపు మూసి ట్రేలో పెట్టింది. ఒకసారి పంపాక రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఆ ఆగినప్పుడే పెద్దాయన "అమ్మో, కాలు మంట!" అని మోకాలు కదిలించాడు. ఆమె గబుక్కున తిరిగి మోకాలు పట్టుకుంది. "అయిపోతుంది తాతా, కదలకండి, మీ సెలూన్లో ఎవరైనా తల కదిపితే ఊరుకుంటారా?" అని నవ్విస్తోంది. తిరగడంలో ఆమె గౌను చెయ్యి ట్రేలో సిరంజికి తగిలింది. ట్యాపు తిరిగింది. తెరుచుకుంది.

చూసింది నేనొక్కణ్ణే.

"అమ్మా, ట్యాపు." అనాల్సినవి ఆ రెండే మాటలు. నోరు తెరిచాను, మూశాను. తనే చూసుకుంటుందిలే అనుకున్నాను. అబద్ధం. చూసుకోకూడదనే అనుకున్నాను. పెద్దాయనకి ఏదో అవ్వాలని కాదు, ఒట్టు. ఆ సిరంజి ఆమె చేతిలో ఉండగా డాక్టరుగారి కంట పడాలి. అందరి ముందూ ఒక్క కేక వెయ్యాలి. "మాస్టారు ఉండగా ఇదేం పని?" అనాలి. డాక్టరుగారి కళ్ళు తెర మీదే ఉన్నాయని నాకు తెలుసు. తెలిసే నించున్నాను.

ఆమె ఇటు తిరిగింది. సిరంజి తీసింది. ట్యాపు వైపు చూడనైనా లేదు. సిరంజిలో ఉన్నదంతా గదిలోకి వదిలేసి, మళ్ళీ సిలిండరు ట్యూబుకి తగిలించి నింపడం మొదలుపెట్టింది.

"ఇప్పుడే నింపావుగా?" అన్నారు డాక్టరుగారు.

"కన్ను తిప్పాను సార్. కన్ను తిప్పాక అందులో ఏముందో నాకు తెలీదు. ఇంకొక్క నిమిషం."

మూడుసార్లు నింపింది, వదిలింది. ఆ తర్వాతే రెండోసారి పంపారు. పూడిక దొరికిన చోట బెలూన్ పెట్టి నాళం తెరిచారు. పాదం దగ్గర సన్ననాళాలు గ్యాసులో సరిగా కనపడకపోతే డాక్టరుగారు నా వైపు తిరిగారు. "మాస్టారూ, డై ఎంత తక్కువలో అవుతుంది?" మూడు నెలల తర్వాత నన్నడిగిన మొదటి ప్రశ్న. ఒక చెంచాడు చాలన్నాను. చాలింది. పాదం దాకా రక్తం దిగడం అందరం చూశాం. ఆ ప్రశ్న కోసం ఎంత ఏడ్చానో నాకే తెలుసు, వచ్చాక మాత్రం సంతోషం లేదు.

మూడోరోజు కిడ్నీల రిపోర్టు వచ్చింది, ముందు ఎంతో ఇప్పుడూ అంతే. పెద్దాయన పాదం వెచ్చబడింది, రాత్రి కాళ్ళు చాపుకుని పడుకున్నాడట. ఆ సంగతి చేతులు కడుక్కునే చోట ఆమే నాకు చెప్పింది. చెప్పి ఊరుకుందా!

"మీరు ఎదురుగా ఉంటే నాకు ధైర్యం బాబాయ్. నా కన్ను తిరిగినా మీ కన్ను ఉంటుంది కదా."

కొట్టినా అంత బాధుండేది కాదు.

"ట్యాపు తెరుచుకుంది, ఆ రోజు" అన్నాను. "నీ చెయ్యి తగిలి. నేను చూశాను."

ఆమె నీళ్ళు కట్టేసింది. "ఎప్పుడు?"

"నువ్వు ఆయన మోకాలు పట్టుకున్నప్పుడు."

"చెప్పలేదే?"

"చెప్పలేదు."

"నేను పారెయ్యకపోతే చెప్పేవారా?"

చెప్పేవాణ్ణే అనడానికి నోటిదాకా వచ్చింది. "తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు.

ఆమె చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ, చాలాసేపు. డాక్టరుగారికి చెప్పేస్తుందని రెండు రోజులు తిండి సహించలేదు. చెప్పలేదు. ఎవరితోనూ అనలేదు.

తర్వాతి గ్యాసు కేసు రోజు ఎప్పటిలాగే వెళ్ళి ట్రేకి అవతల నించున్నాను. "సార్, మీరు తెర దగ్గర ఉండండి" అంది. ఆ నోట నన్ను బాబాయ్ అనకుండా సార్ అనడం అదే మొదలు. కొత్తగా చేరిన నర్సుని పిలిచి నా చోట్లో నిలబెట్టింది. "నీ పని ఒకటే. నా సిరంజి మీంచి కన్ను తియ్యకు. ఏం కనిపించినా అరిచెయ్" అంది.

ఆ నర్సుకి ఇంకా డై సీసా మూత తియ్యడం కూడా సరిగ్గా రాదు. తెర దగ్గర నించుని వాళ్ళిద్దర్నీ చూస్తుంటాను. నా చోట్లో నించున్న ఆ నర్సు పిల్లని చూస్తే నా కడుపు మండిపోతుంది.