అవ్వ పెట్టుకున్న బొట్టు

మా అవ్వ జీవితంలో ఎప్పుడూ ఒట్టు పెట్టలేదు. అంగడాయన "ఒట్టేసి చెప్పు" అంటే, "చెప్తే నమ్ము, లేదంటే సరుకు ఈడనే పెట్టిపోతా" అనేది. ఆమె పుట్టిల్లు పాలమూరు వైపు. అక్కడ పెద్దల కాలం నుంచీ వాళ్ళది మెన్నోనైట్ అనే కిరస్తానీ సంఘం. ఒట్టు పెట్టకూడదు, కొట్టినవాణ్ణి తిరిగి కొట్టకూడదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బండల క్వారీ పని కోసం తాతతో యాడికి అనే ఊరి వైపు వలస వచ్చినప్పుడు ఈ పద్ధతులన్నీ మూటగట్టుకునే వచ్చింది.

అట్లా వచ్చిన కొన్ని కుటుంబాలకు ఒక రేకుల షెడ్డే చర్చి. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారాన్ని మేం బల్ల అంటాం. ఆరోజు ముందుగా ఒకరి కాళ్ళు ఒకరు కడగాలి. మనసులో తప్పేదైనా ఉన్నవాళ్ళు లేచి అందరి ముందర చెప్పుకోవాలి. చెప్పుకోనివాళ్ళు రొట్టె ముట్టరు. ట్యాంకరు కోసం కొట్లాడుకునే ఎండాకాలంలో కూడా అవ్వ ఆ ఆదివారానికని ఒక బిందె దాచిపెట్టేది. తలస్నానానికి ఇంకో చెంబు అడిగితే, "అవి కాళ్ళ నీళ్ళు, ముట్టొద్దు" అని కసిరేది. నాకు ఒళ్ళు మండేది.

ఇంటర్ అయ్యాక టీచర్ ట్రైనింగ్ సీటుకు నాకు కుల సర్టిఫికెట్ కావలసి వచ్చింది. మేం ఎస్సీలమే గానీ, కిరస్తానీలమని రాస్తే ఎస్సీలం కాము. ఆ లెక్క ప్రభుత్వానిది. నన్ను బడిలో వేసేటప్పుడే నాయన హిందువులమని రాయించాడు. విచారణకు వీఆర్వో వస్తాడని తెలిసి, గోడ మీది సిలువ పటం తీసి బియ్యం డబ్బాలో పెట్టాడు. అవ్వను మాత్రం ఏ డబ్బాలో పెట్టేది? ఆ పూట ఆమెను చుట్టాలింటికి పంపుదామనుకున్నారు.

వీఆర్వో చెప్పిన రోజు కంటే ముందే వచ్చాడు. అమ్మా నాయనా క్వారీలో ఉన్నారు. వీధి మొదట్లో బండి ఆగడం చూసి లోపలికి పరిగెత్తాను. "అవ్వా, నా సీటు పోతాది" అన్నాను. అంతకు మించి నేనేమీ అడగలేదు. ఈ మాట నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను, ఒక్కసారీ మనసు కుదుటపడలేదు.

అవ్వ నా మొహం చూసింది. "నీ స్టిక్కర్లు యాడుండాయి మే?" అంది. కాలేజీకి పెట్టుకుపోయి, ఇంటికొచ్చే దారిలో పీకేసే ఆ బొట్టుబిళ్ళల సంగతి ఆమెకు తెలుసని నాకు తెలీదు. బ్యాగులోంచి తీసిచ్చాను. అన్నిట్లోకీ పెద్ద ఎర్రబిళ్ళ నుదుట అంటించుకుని బయటికి పోయింది.

"ఏమవ్వా, మీరు చర్చికి పోతారంట?" అన్నాడు వీఆర్వో.

"పోమప్పా. మేము హిందువులమే."

ఆయన ఆమె నుదురు చూశాడు. "మీ ఇంటాయన ఏం చేస్తాడు?"

"సచ్చిపోయి శానా కాలమాయ."

ఆయన తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. మొగుడు పోయిన ముసలామె మా ఊళ్ళో ఏ హిందువుల ఇంట్లో అంత ఎర్రబొట్టు పెట్టుకుంటుంది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. నాకప్పుడే తట్టింది, అవ్వకు మాత్రం తట్టనేలేదు. "సరేలే అవ్వా, పాపను బాగా సదివించుకోండి" అని సంతకం పెట్టి పోయాడు. నిజం చెప్పినా పెట్టేవాడేమో. ఆమె అబద్ధం దేనికీ అక్కరకు రాలేదేమో. ఈ అనుమానం నన్ను ఇప్పటికీ తింటుంది.

ఆ తర్వాతి బల్ల రోజు అవ్వ అందరి కాళ్ళూ కడిగింది. తన వంతు వచ్చేసరికి కాళ్ళు చీరలోకి ముడుచుకుని, "నాకొద్దులే తల్లీ" అంది. రొట్టె పళ్ళెం వస్తే పక్కామెకు అందించేసింది. ఎందుకని అడిగిన పాస్టరయ్యతో "ఉండాదయ్యా ఒకటి" అని ఊరుకుంది. లేచి చెప్పుకుంటే నా సీటు సంగతి షెడ్డు దాటి ఊరంతా పాకుతుంది. చెప్పుకోకపోతే రొట్టె లేదు. ఆమె రొట్టెనే వదులుకుంది, పోయేదాకా.

నాకు గోరంట్ల వైపు సర్కారు బళ్ళో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో ఆమెకు ధర్మవరం చీర కొన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అవ్వ చేత అడుసు తొక్కించి, చీర పెట్టిన మనవరాలిని నేను.

మొన్న ఎండాకాలంలో ఆమె మంచం పట్టినప్పుడు పాస్టరయ్య రొట్టె తీసుకుని ఇంటికే వచ్చాడు. "ఏముండాదో నాకు చెప్పుకోమ్మా, చాలు" అన్నాడు.

"నా ఒక్కదానిదే అయితే ఎప్పుడో చెప్పుకుందునయ్యా" అంది అవ్వ. నా వైపు చూడలేదు. నన్ను కాపాడటానికే చూడలేదని నాకు తెలుసు.

పాస్టరయ్య మాత్రం చూశాడు. "నీకేమన్నా తెలుసామ్మా?" అని అడిగాడు.

"తెలీదయ్యా" అన్నాను.

ఆయన రొట్టెను మళ్ళీ గుడ్డలో చుట్టుకున్నాడు. ఆ వారమే అవ్వ పోయింది. ఇన్నేళ్ళూ ఎవరినీ ముట్టనివ్వని ఆ కాళ్ళను శవానికి స్నానం చేయించేటప్పుడు నేనే కడిగాను.

ఇప్పుడూ బల్ల ఆదివారం సెలవు చూసుకుని ఊరికి పోతాను. బస్సు దిగి, బొట్టు తీసేసి షెడ్డులోకి నడుస్తాను. పళ్ళెం నా దగ్గరికి వస్తే రొట్టె తీసుకుంటాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతారు.