రెండో ముద్ర

హెలికాప్టర్ మమ్మల్ని పోస్టు దగ్గర దించేసరికి పగలు పదకొండు. ఆఫ్రికా. ఎర్రమట్టి, మోకాలెత్తు గడ్డి, చుట్టూ ముళ్లకంచె. మనిషికో నీలి హెల్మెట్, దోమతెర, వారానికో మలేరియా గోలీ. నాకు అదనంగా రెండు కిరోసిన్ స్టవ్‌లు. నేను మా సైనిక కంపెనీ వంటవాణ్ణి. మాది నెక్కొండ దగ్గరి పల్లె. అప్పటికి చదువు లేదు. వేలిముద్రే.

శాంతి సేనలో పోయిన సిపాయికి డాలర్లు మూటల్లో వస్తాయని వరంగల్‌లో ఇప్పటికీ అంటారు. వినండి. జీతం ఇక్కడి బ్యాంకులో పడేది. అక్కడ చేతికొచ్చేది రోజుకు డాలరు పైచిలుకు భత్యం. అదీ మూడు నెలలకోసారి. టేబుల్ ముందు సెల్యూట్ కొట్టాలి. లెక్కపెట్టుకోవాలి. ముద్ర వెయ్యాలి. "ఠీక్ హై సాబ్" అని గట్టిగా అరవాలి. అరిచాక ఇక మాట లేదు.

మా బట్టలుతికే మల్లయ్యది డోర్నకల్. ఆ భత్యంతో ఇంటికి రేకులు వేయిస్తానని రోజూ చెప్పేవాడు. మూడో నెల చివర జ్వరం పట్టింది. నాలుగు రోజులు ఆగకుండా వాన, హెలికాప్టర్ దిగలేదు. ఐదో రోజు మధ్యాహ్నం రెండింటికి పోయాడు.

అతను పోయిన వారానికి భత్యం పంచారు. క్లర్కు హవల్దారు నా బొటనవేలు పట్టుకుని కాగితం మీద నొక్కాడు. ముద్ర చెదిరిందన్నాడు. కింద ఇంకోటి వేయించాడు. వేశాను. ఠీక్ హై అని అరిచాను కూడా.

రెండు నెలలకు మల్లయ్య భార్య ఎల్లమ్మ నా పేరున ఉత్తరం రాయించింది. పోస్టులో తెలుగు చదవగలిగినవాడు ఒక్కడే. రేడియో ఆపరేటర్, తొర్రూరువాడు. బంకర్‌లో సెట్టు పక్కన కూర్చుని చదివాడు. భత్యం కోసం అర్జీ పెట్టిందట. మల్లయ్య చేతికే ఇచ్చాం, ముద్ర ఉంది అని జవాబొచ్చిందట. చివరి మాట రెండుసార్లు చదివాడు.

"సచ్చిపోయినోడు ఏలిముద్ర ఎట్లేసిండన్నా?"

నాకు ఆ రెండో ముద్ర గుర్తొచ్చింది. ఒళ్లు మండిపోయింది.

"నాకు హిందీ అచ్చరాలు నేర్పు తమ్మీ," అన్నాను. రిజిస్టరు హిందీలో ఉండేది.

"ఈ వయసుల ఏం నేర్సుకుంటవ్ కాకా?"

"రెండు పేర్లు సాలు. ఆనిది, నాది."

ఒక నెల పట్టింది. పిండి బస్తాల మీద బొగ్గుతో నా పేరు రాసేవాణ్ణి. మల్లయ్య పేరు నేల మీద రాసి కాలితో చెరిపేవాణ్ణి. క్లర్కు చూసి, వంటోడు కలెక్టరవుతాడా అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నెలంతా అతనికి వేడి రొట్టెలు నా చేత్తోనే వడ్డించాను. కూరలో ఉప్పు కూడా తేడా రానివ్వలేదు. అనుమానం రాకూడదు.

తర్వాతి పంపకం. టేబుల్ వెనక మేజర్ సాబ్. పక్కన క్లర్కు, రిజిస్టరు. సెల్యూట్ కొట్టాను. లెక్కపెట్టాను.

"ఠీక్ నహీ హై సాబ్."

పాత పేజీ తియ్యమన్నాను. నా పేరు చదివాను. దాని కింద మల్లయ్య పేరు చదివాను. రెండింటి పక్కనా ఉన్న ముద్రల్లో అడ్డంగా ఒకే తెల్లగీత. ఉల్లిగడ్డలు కోస్తుంటే నా వేలు కత్తికి తెగిన మచ్చ. నా బొటనవేలు పైకెత్తి మేజర్ సాబ్‌కు చూపించాను. తర్వాత క్లర్కు మొహం చూశాను. కడుపునిండా చూశాను.

విచారణ జరిగింది. అతని హవల్దారు పట్టీలు ఊడబీకారు. ఇప్పుడైనా ఠీకేనా అని మేజర్ సాబ్ అడిగాడు. కాదన్నాను. ఈ వయసులోనూ నా మాట అదే. అతను పట్టీలు పోయినా ప్రాణంతో ఇంటికి పోయాడు. మల్లయ్య శవపెట్టెలో పోయాడు.

మిగిలిన నెలల్లో కూడబలుక్కుని హిందీ చదవడం నేర్చుకున్నాను. తిరుగు ప్రయాణంలో మల్లయ్య సామాన్ల ట్రంకు పెట్టె నాతో పంపారు, ఎల్లమ్మ ముద్ర వేయించమని ఒక హిందీ కాగితం, సిరా ప్యాడ్‌తో సహా. డోర్నకల్‌లో దిగి పెట్టె మోసుకుపోయాను. కాగితం తీసి నేను నోరు తెరవకముందే ఆమె ప్యాడ్‌లో వేలు అద్దింది.

"ఆగు చెల్లె. సదువుతా."

పావుగంట పట్టింది. పెట్టె అందింది అని ఒక వాక్యం. భత్యం మొత్తం అందింది అని ఇంకో వాక్యం.

"పైసలు అచ్చినయా?"

"రాలే అన్నా."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ముద్ర లేకుండానే వాపసు పంపాను. నాలుగు నెలలకు డబ్బు వచ్చింది. అప్పుడే ఆమె ముద్ర పడింది.

ఆ దేశంలో చూసినవి చాలా మరిచాను. ఇదొక్కటి మరవలేదు. నేను ఒక్కొక్క అక్షరం పట్టుకుని చదువుతున్నంతసేపూ ఆ కాగితానికి జానెడు ఎత్తున, ఊదా సిరా ఆరుతూ, ఆగి ఉన్న ఎల్లమ్మ బొటనవేలు.